అటక మీది బోళ్లు



కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లల్లో పాత ఇండ్ల అటకల మీద ఏముంటాయి? ఇత్తడి గుండీలు, రాగి బిందెలు, కంచు తలెలు ఉంటాయి. సర్వ కూడా ఉంటది. సర్వపిండికి ఆ పేరు వచ్చింది ఈ సర్వ నుంచే. స్టీలు వచ్చినంక వీటిని పైకి ఎక్కించినారు. బరువెక్కువ, తోముడు కష్టం. ఆ మాట అబద్ధం కాదు. చింతపండు, బూడిద పెట్టి తోమితే అరిగినవి ఆడవాళ్ల చేతులే.

ఒకనాడు వీధిలో కేక వినబడతది. "పాత సామాన్లకు కొత్త సామాన్లు!" ఐదు కిలోల గుండీ పోతది. రెండు పలుచని గిన్నెలు వస్తాయి. గుండీ కొలిమిలో కరిగిపోతది.

ఇప్పుడు పట్నాలల్లో ఇవే బోళ్లను వెతికి వెతికి కొంటున్నారు. గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో వీటికోసమే ఒక మ్యూజియం ఉంది. దాని పేరు విచార్. సురేంద్ర పటేల్ అనే ఆయన 1981లో పెట్టినాడు. అక్కడ 4 వేలకు పైగా పాత గిన్నెలు, బిందెలు, గరిటెలు ఉన్నాయి. అంటే అటక మీదిది తుక్కు కాదు.

ఏది ఏ లోహమో తెలియాలి. రాగి ఎర్రగుంటది. రాగిలో జింకు కలిపితే పచ్చటి ఇత్తడి. రాగిలో తగరం కలిపితే కంచు. కంచును కొడితే గంటలెక్క మోగుతది, కిందపడితే పగులుతది. ఈ మూడింటికీ అయస్కాంతం అంటదు. అంటితే లోపల ఇనుమున్నట్టే.

వాడుకోవాలంటే ఒక జాగ్రత్త ఉంది. రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసు, మజ్జిగ పెడితే చిలుము పుట్టి విషమైతది. అందుకే లోపల కలాయి పూయించాలి. కలాయి ఆయన గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితో తుడుస్తాడు. నిమిషంలో గిన్నె వెండిలెక్క మెరుస్తది. చూడముచ్చటైన పని అది! తగరంలో సీసం కలిపితే మాత్రం ప్రమాదం. ముందే అడగాలి. కలాయి గిన్నెను ఉత్తగ పొయ్యి మీద పెట్టొద్దు. 232 డిగ్రీలకే తగరం కరుగుతది.

అమ్మాలనుకున్నా సరే, ముందు కిరాణా దుకాణంలో తూకం వేయించి రాసుకోవాలి. ఆనాటి ఇత్తడి ధర అడగాలి. ఆ తర్వాతే బేరం.

ఇంకొక సంగతి. పెండ్లికి తల్లిగారు పెట్టిన బోళ్లు ఎవరివి? అవి స్త్రీధనం, ఆమెవే. అత్తగారింట్ల ఉన్నా ఆమెవే అని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. పెండ్లి కానుకలకు జాబితా రాయాలని అదే ఏడు ప్రభుత్వం నియమం పెట్టింది. ఎవరిచ్చినారు, విలువెంత అని అందులో రాయాలి. పెండ్లికొడుకు, పెండ్లికూతురు సంతకం పెట్టాలి. సంతకం రానామె జాబితా చదివించుకొని వేలిముద్ర వేయొచ్చు. చదువు వచ్చినామె తానే చదువుకొని సంతకం చేస్తది.

పాత బోళ్ల అంచు మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి. అవ్వ పేరు, ఆమె తల్లిగారి ఊరు. చాలామంది అవ్వలకు ఆ అక్షరాలు చదవ రాలేదు. బతుకంతా ఆ బోలు తోమినారు, అందులో వండినారు. ఇప్పుడు మనుమరాలు అంచును చింతపండుతో రుద్ది, వెలుతురుకు పట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటే ఆ పేరు బయటికి వస్తది.