పొదలు చెప్పిన సాక్ష్యము

పట్టభద్రులారా! ఈ శుభదినమున మీ దృష్టిని మన వరిచేలనుండి చెట్టన్నది మొలవని ఉత్తరధ్రువసీమకు ఒకింతసేపు మరల్పగోరుచున్నాను.

అచటి టండ్రా మైదానములలో, ఏండ్లతరబడి కరుగక గడ్డకట్టియుండు నేలపై, గడ్డియు, నాచును, లైకెన్లును, కుఱుచపొదలును మాత్రమే బ్రతుకనేర్చినవి. 1940వ దశకపు చివర అమెరికా నౌకాదళమువారు చమురు వెదకు నుద్దేశముతో ఉత్తర అలాస్కా నదీలోయలకు విమానములనుండి ఛాయాచిత్రములు తీయించిరి. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట మాథ్యూ స్టర్మ్, చార్లెస్ రసీన్, కెనెత్ టేప్ అను పరిశోధకులు ఆ తావులనే మరల చిత్రించి, పాతవానితో సరిపోల్చి, 2001లో తమ ఫలితమును ప్రకటించిరి: 66 చిత్రపుజతలలో 36 జతలయందు ఆల్డర్, విల్లో, మరుగుజ్జు బర్చి పొదలు పెరిగి, దట్టమై, మునుపు లేని చోట్లకును ప్రాకినవి, తక్కిన 30 జతలయందు మార్పు పొడకట్టలేదు.

ఉత్తరధ్రువసీమ భూగోళపు సగటుకంటె రెట్టింపునకు మించిన వేగముతో వేడెక్కుచున్నది. పచ్చదనము శుభమే కదా యని మీరు తలంపవచ్చును. కాని పొద మంచును పట్టి నిలుపును. ఆ మంచు కంబళివలె కప్పి నేలను శీతకాలమునను వెచ్చగా నుంచగా, సూక్ష్మజీవులు పోషకములను విడుదల చేయును. వానితో పొద మఱింత పెరుగును. మంచుపై తలయెత్తిన నల్లని కొమ్మలు, తెల్లని మంచు మింటికి మరలింపవలసిన యెండను తామే త్రాగును. ఉత్తరపు ఘనీభూతభూములలో నేటి వాయుమండలమున నున్నదానికి సుమారు రెట్టింపు కర్బనము నిద్రించుచున్నది. దానిని మేల్కొలుపుట క్షేమము కాదు. పొదల నీడలో లైకెన్లు క్షీణించినచో, శీతకాలమున వానినే నమ్ముకొన్న రెయిన్‌డీర్ మందలకును, ఆ మందలతో బ్రతుకు ముడివడిన సామీ జనులవంటివారికిని కష్టము తప్పదు.

నాడు విమానమున నున్నవారు వెదకినది చమురును; వారికి తెలియకయే పొదల చరిత్రకు తొలిపుట వ్రాసిరి. మీరును పొలమున, ఆస్పత్రిలో, కార్యాలయమున నేడు వ్రాయు లెక్క ఏబదియేండ్ల పిదప ఎవరికో ఏకైకసాక్ష్యము కావచ్చును. ఆ ఉత్తరధ్రువసీమయందలి స్వాల్‌బార్డు దీవులలో 2008 నుండి మన దేశపు హిమాద్రి పరిశోధనకేంద్రము పనిచేయుచున్నది. మీలో ఒకరైన అచటికేగుదురుగాక! ఎచటికేగినను, మార్పు కనబడిన 36 జతలతోపాటు కనబడని 30 జతలను దాచక చెప్పిన ఆ పరిశోధకుల సత్యనిష్ఠయే, ఈ పట్టమునకు మీరు చెల్లింపవలసిన ఋణము.