ఒక నియమము, ఒక చోటు



నేను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువాడను. నా పొరపాటు నొకదానిని, దానివలన నేర్చినదానిని నేడు మీకు మనవి చేయుదును.

ఇప్పుడు దరఖాస్తులను తెరమీద నింపుట మీరెరుగుదురు. పిన్‌కోడునకు ఆరంకెలును, ఆధారు సంఖ్యకు పండ్రెండంకెలును ఉన్నవో లేవో యంత్రము పరీక్షించి, తప్పున్నచో త్రిప్పి పంపును. ఆ పరీక్షను వ్రాయువారము మేము.

ఒక కార్యాలయమునకై అయిదు దరఖాస్తులను సిద్ధపరచితిని. మొబైలు సంఖ్యకు పదియంకెలుండి, అది 7, 8, 9లలో నొకదానితో మొదలు కావలెనను నియమమును అయిదింటను వేర్వేరుగా నుంచితిని. ఒకచోటి వ్రాతను నకలు తీయుట సులభము గదా! కొంతకాలమునకు 6తో మొదలగు సంఖ్యలును వాడుకలోనికి వచ్చినవి. నాలుగు దరఖాస్తులను దిద్దితిని, అయిదవదానిని మరచితిని. అది వితంతువుల పింఛను దరఖాస్తు. ఒక ముసలమ్మ తన కుమారుని సంఖ్య నిచ్చెను. అది 6తో మొదలగునది. యంత్రము మూడుమారులు త్రిప్పి పంపెను. ఆమె తప్పు తనదేయనుకొని యింటికి పోయెను. తప్పు నాది.

పిమ్మట ఆ నియమము నొక్కచోటనే వ్రాసి దానికొక పేరు పెట్టితిని. అయిదు దరఖాస్తులును ఆ పేరుతో దానినే పిలుచును. ఊరికంతకు మానిక యొక్కటే యైనచో కొలతలో తగవుండదు గదా!

మరియొక మాట. పరీక్ష తెరమీద మాత్రమే జరిగిన చాలదు. తెలిసినవాడు దానిని తప్పించుకొనగలడు. దరఖాస్తు చేరు యంత్రమునందును అది తప్పక జరుగవలెను. రెండు చోట్లను నియమ మొకటే కావలెను.

అయితే ఒకేరీతిగా కన్పట్టునవన్నియు నొకటి కావు. పూర్వము వోటునకు 21 ఏండ్లు, వరునికిని 21 ఏండ్లు. 1989లో వోటు వయస్సు 18కి తగ్గెను. వరుని వయస్సు తగ్గలేదు. రెంటిని కలిపి వ్రాసియున్నచో పదునెనిమిదేండ్ల పిల్లవానికి యంత్రమే పెండ్లి చేసియుండెడిది! కావున ఒకే కారణమున మారునవి ఒకచోటను, వేరు కారణమున మారునవి వేరుచోటను ఉండవలెను.

ఆ ముసలమ్మకు కబురంపి దరఖాస్తు మరల పెట్టించితిమి. ఆమె పోగొట్టుకొన్న నెలలను మాత్రము నేను తిరిగి ఈయలేకపోతిని. మీ గ్రామమున నెవరినైన యంత్రము కాదని త్రిప్పి పంపినచో, తప్పు వారిదేయని వెంటనే తలపకుడు. వ్రాసినవానిని గూడ ఒకమారు అడుగుడు.