ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలు: మన పాత కంప్యూటర్లను ఏం చేద్దాం?

(మొగుడంపల్లిలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవితమంతా ఫైళ్లు, రిజిస్టర్ల మధ్య గడిపిన గుమాస్తాకు కంప్యూటర్ల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఉద్యోగ విరమణ తరువాత మన అధ్యయన కేంద్రంలో కూర్చుని స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు, బీసీ-ఇ ధ్రువపత్రాలు, పింఛను కాగితాలు నింపుతున్నాను. ఈ పనులన్నీ ఇప్పుడు కంప్యూటరు మీదనే జరగాలి. అందువల్ల ఆ యంత్రాల మంచిచెడ్డలు కూడా నా పనిలో భాగమయ్యాయి.

కేంద్రంలో ఆరు కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ దాతలు ఇచ్చినవే, అన్నీ 2018కి ముందువే. వాటిలో విండోస్ 10 నడుస్తున్నది. ఆ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే యంత్రం ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు మామూలుగా రావు. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు మరొక్క ఏడాది గడువు ఇచ్చారు, అంతే. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను అడుగుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే అంగీకరిస్తుంది. మన ఆరింటిలో ఒక్కటి కూడా ఆ పరీక్ష నెగ్గలేదు.

ఇలాంటప్పుడు మన ఊళ్లలో సాధారణంగా జరిగేది ఏమిటో మీకు తెలుసు. పట్టణంలో ఏదో దుకాణానికి తీసుకుపోతే నాలుగైదు వందలకు దొంగ ప్రతి ఎక్కించి ఇస్తారు. లైసెన్సు తాళాన్ని పగలగొట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి అందులో ఉంటుంది. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపివేయమంటారు. ఇంటి తలుపు తీసి పెట్టి దొంగను కాపలా ఉంచినట్లే ఇది. మన కంప్యూటర్లలో ఉన్నవి ఎవరి కాగితాలు? వితంతువుల ఆధార్ ప్రతులు, ఆడపిల్లల ఫోటోలు, ఫోను నంబర్లు, బ్యాంకు పాసు పుస్తకాల మొదటి పేజీలు. నమ్మి మన చేతిలో పెట్టిన అమానత్ అది. అది ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ ప్రతి అని తెలిసి వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 సంవత్సరాలు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం, వ్యాపారం కోసం వాడనప్పుడు న్యాయస్థానం జైలు లేకుండా జరిమానాతో వదలవచ్చు. ప్రభుత్వ కార్యాలయాల ముందు హక్కుల కోసం విజ్ఞాపనలు పట్టుకుని నిలబడేవాళ్లం. మన గదిలోనే ఇలాంటి లొసుగు పెట్టుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

మరి దారి ఏమిటి? లినక్స్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్, అందరూ స్వేచ్ఛగా వాడుకునే, పంచుకునే, మార్చుకునే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ దానికి కావలసిన కేంద్ర భాగాన్ని రాశాడు. ఆ రెండూ కలిసి నేటి లినక్స్ అయింది. దీన్ని పది యంత్రాల్లో ఎక్కించినా, పక్కవారికి ప్రతి ఇచ్చినా ఎవరూ అడ్డు చెప్పరు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్లుగా దీన్ని తెలుగులోకి తేవడానికి పనిచేస్తున్నది. కేరళ ప్రభుత్వ బడులలో కంప్యూటరు చదువు చాలా కాలంగా లినక్స్ మీదనే నడుస్తున్నది. పల్లెటూరి పిల్లలకు ఇది కష్టమనేవారు ఒకసారి కేరళ వైపు చూడాలి.

అయితే నేను విండోస్‌ను పూర్తిగా తుడిచివేయమని చెప్పడం లేదు. ఉత్సాహవంతులైన మన యువకులు కొందరు అదే అంటున్నారు. వారితో నాకు ఇక్కడ అభిప్రాయభేదం ఉన్నది. మన కేంద్రంలో ఉర్దూ కరపత్రాలు ఇన్‌పేజ్‌లో కూర్చుతాం. తెలుగు కరపత్రాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చుతాం. మన దగ్గర ఈ రెండూ విండోస్‌లోనే నడుస్తాయి. పదిహేనేళ్ల పాత ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. వేలిముద్రలు తీసుకునే పరికరాలు, డిజిటల్ సంతకం పెట్టే డాంగిళ్లు కూడా ఎక్కువగా విండోస్‌నే ఆశ్రయించుకుని ఉన్నాయి. లినక్స్ ఎక్కించి ఇవన్నీ ఆగిపోతే, రేపు చివరి తేదీ ఉన్న దరఖాస్తు నింపడానికి వచ్చిన తల్లికి మనం సిద్ధాంతం చెప్పి పంపలేము.

కనుక రెండింటినీ ఒకే యంత్రంలో ఉంచుకుందాం. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. కంప్యూటరు మొదలుకాగానే ఎవరు కావాలని అడుగుతుంది. ఆఫీసులో ఇద్దరు అధికారులు, గుమ్మం దగ్గర ఒక అటెండరు ఉన్నట్లు ఊహించుకోండి. ఆ అటెండరు పేరు గ్రబ్. మీరు చెప్పిన గదిలోకి పంపుతాడు. ఏమీ చెప్పకపోతే కొన్ని సెకన్లు ఆగి తనంతట తానే ఒక గదిలోకి పంపేస్తాడు. ఒకేసారి రెండు గదులలో ఉండలేము. ఇది మనం కనిపెట్టిన వింత కాదు. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టినప్పుడు, వాటిలో విండోస్‌తో పాటు సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌ను కూడా పెట్టింది.

మన ఏర్పాటు ఇది. ఇంటర్నెట్ పనులు, ఇంటి కాగితాలు, పిల్లల చదువు లినక్స్‌లో. ఇన్‌పేజ్, పేజ్‌మేకర్, వేలిముద్ర పరికరం విండోస్‌లో. పోర్టల్‌తో పనిపడి వేలిముద్ర అవసరమైనప్పుడు తప్ప విండోస్ నుంచి ఇంటర్నెట్‌లోకి పోవద్దు. ఆ విండోస్ కూడా యంత్రంతో పాటు వచ్చిన అసలు ప్రతి కావాలి.

ఉర్దూ గురించి ఒక మాట. 2017లో ఉర్దూ మన రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. కాగితం మీది హక్కు కంప్యూటరు తెర మీదికి వచ్చినప్పుడే దానికి ప్రయోజనం. లినక్స్‌లో యూనికోడ్ ఉర్దూ, తెలుగు కీబోర్డులను సెట్టింగులలో చేర్చుకోవచ్చు. లిబ్రె ఆఫీసులో కుడి నుంచి ఎడమకు రాయవచ్చు. నోటో నస్తాలీఖ్ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అలా రాసిన ఉర్దూ విజ్ఞాపనను ఎవరి ఫోనులోనైనా చదవవచ్చు, అందులో వెతకవచ్చు. ఇన్‌పేజ్ పాత ఫైలు పంపితే అవతలివారు ఇన్‌పేజ్ లేకుండా తెరవలేరు. కన్నడ కూడా వినిపించే ఈ సరిహద్దు ప్రాంతంలో ఇన్ని లిపులు ఒకే యంత్రంలో సులభంగా రాయగలగడం చిన్న విషయం కాదు.

ఇక చేసే పద్ధతి. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. నష్టం జరిగేది ఈ దశలోనే.

అన్నిటికంటే ముందు, ఉన్న ఫైళ్లన్నిటికీ వేరే హార్డ్‌డిస్కులో ప్రతి తీయండి. మా ఆఫీసులో అసలు ఫైలును పై కార్యాలయానికి పంపేముందు ఆఫీసు కాపీ తీసిపెట్టుకునేవాళ్లం. అదే నియమం. తీసిన ప్రతి తెరుచుకుంటున్నదో లేదో కూడా నాలుగైదు ఫైళ్లు చూసి నిర్ధారించుకోండి.

తరువాత విండోస్‌లోనే రెండు పనులు. ఒకటి, కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు పోయి ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేయాలి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ డిస్కు మీద రాయబోతే ఫైళ్లు చెడిపోవచ్చు. రెండోది బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు చెప్పకుండానే ఇది ఆన్ అయి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఆ కీ లేకుండా మొదలుపెట్టి, మరునాడు కంప్యూటరు అదే కీ అడిగితే, లోపలున్నవన్నీ ఉండి కూడా లేనట్లే.

ఆ తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విండోస్ భాగాన్ని కుదించి ఖాళీ స్థలం చేయాలి. లినక్స్ మింట్‌కు 20 జీబీ చాలునంటారు కానీ 100 జీబీ ఇస్తే హాయిగా ఉంటుంది. మెమరీ 2 జీబీ కనీసం, 4 జీబీ ఉంటే మంచిది. మన పాత యంత్రాలకు మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం సరిపోతుంది. మరీ పాత యంత్రాలలో ఒక చిక్కు ఉన్నది. పాత పద్ధతిలో విభజించిన డిస్కు నాలుగు ప్రధాన భాగాలకు మించి ఒప్పుకోదు. కంపెనీవారే నాలుగూ వాడి ఉంటే అక్కడ ఆగి, తెలిసినవారిని అడగండి.

ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో మింట్‌ను ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, చూసుకోండి. కంప్యూటరు ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. మింట్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వెంటనే ఇన్‌స్టాల్ నొక్కవద్దు. అరగంట వాడి చూడండి. వైఫై దొరుకుతున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు పలుకుతున్నదా? మన ఆరింటిలో ఒకదానికి వైఫై దొరకలేదు. రెండు మూడు వందల రూపాయల చిన్న యూఎస్‌బీ వైఫైతో సరిపోయింది. కొనేముందే తెలిసింది కదా, అదీ లాభం.

అంతా సరిగా ఉంటే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. మధ్యలో ఒక పేజీ వస్తుంది. విండోస్ పక్కనే స్థాపించు అన్నది ఒక ఎంపిక. డిస్కు మొత్తం చెరిపివేసి స్థాపించు అన్నది మరొకటి. ఆ రెండో వాక్యాన్ని తొందరలో నొక్కి, అక్క బీఎడ్ ప్రాజెక్టుతో సహా అంతా పోగొట్టుకున్న ఒక డిగ్రీ విద్యార్థి నాకు తెలుసు. ఆ పేజీ వచ్చినప్పుడు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, ఇద్దరూ చదివి, అప్పుడే నొక్కండి. విండోస్ పక్కనే అన్న ఎంపిక కనిపించకపోతే, ముందుకు పోకుండా బయటికి వచ్చేయండి. కొన్ని యంత్రాలలో డిస్కును నడిపే పద్ధతిని బయోస్‌లో మార్చవలసి ఉంటుంది. అది అనుభవం ఉన్నవారి పని.

రెండూ కొత్తగా ఎక్కించేటట్లయితే విండోస్ ముందు, లినక్స్ తరువాత. విండోస్ వెనుక వస్తే అటెండరును పక్కకు నెట్టి తానే గుమ్మం ఆక్రమిస్తుంది. పెద్ద అప్‌డేట్ తరువాత కూడా ఒక్కోసారి అలాగే చేస్తుంది. గాభరా పడవద్దు. బయోస్‌లో బూట్ వరుస మార్చితే సాధారణంగా గ్రబ్ తిరిగి వస్తుంది.

చివరగా గడియారం. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే సమయం ఐదున్నర గంటలు వెనక్కి పోయినట్లు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు జొహర్ వేళ అయితే కంప్యూటరు ఉదయం ఏడున్నర అంటుంది. నమాజు వేళలు చూపే ప్రోగ్రాము పెట్టుకున్నవారు కంగారు పడతారు. కొన్ని వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. యంత్రం లోపలి గడియారాన్ని లినక్స్ గ్రీన్విచ్ సమయంగా, విండోస్ స్థానిక సమయంగా చదవడం దీనికి కారణం. లినక్స్‌లో ఒకే ఒక ఆదేశంతో సరిపోతుంది. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి కేంద్రం గోడకు అతికించాను.

ఇప్పటికి నాలుగు కంప్యూటర్లు పూర్తయ్యాయి. వాటిలో రెండింటిని ఇంటర్ చదివే మన ఆడపిల్లలే, నేను పక్కన కూర్చుని చూస్తుండగా, మొదటి నుంచి చివరిదాకా చేశారు. మిగిలిన రెండూ వచ్చే ఆదివారం చేస్తారు. నేర్చుకోదలచినవారు ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, ప్రతి తీసుకోవడానికి హార్డ్‌డిస్కు ఒకటి తెచ్చుకోండి. మీ సొంత ల్యాప్‌టాప్ తెచ్చేవారు ముందురోజే బిట్‌లాకర్ కీ రాసుకుని రండి. అది లేనిదే ఆ యంత్రాన్ని మేము ముట్టుకోము.