కొబ్బరి నీడలో కోకో

(జంషెడ్‌పూర్‌లో మన బ్యాంకు తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరికి గోదావరి జిల్లాల్లో ఎంతో కొంత కొబ్బరితోట ఉంది. మనమేమో ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్నాం, తోటేమో అక్కడ కౌలుకు ఇచ్చాం. సెలవులకు ఊరెళ్లొచ్చినవాళ్లు ఈమధ్య అడుగుతున్న మాట ఒకటే: "కోకో వేద్దామా అండీ?"

కోకో పుట్టిల్లు అమెజాన్ అడవులు. పెద్ద చెట్ల నీడలో పెరగడం దానికి అలవాటు. అందుకే మన కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా ఇమిడిపోయింది. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. వేరే పొలం అక్కర్లేదు. నాటిన మూడో ఏట కాపు మొదలవుతుంది, నిండు కాపుకు ఐదారేళ్లు పడుతుంది. కాయలు మానుకే కాస్తాయి. కోసేటప్పుడు లాగకూడదు, తొడిమ కత్తిరించాలి. మళ్లీ పూత వచ్చేది అక్కడే.

అసలు పని కోత తర్వాత ఉంది. కాయ పగలగొడితే తెల్లని గుజ్జులో ముప్పై, నలభై గింజలుంటాయి. కొరికి చూస్తే చేదు, వగరు తప్ప చాక్లెట్ రుచి ఉండదు. వాటిని గుజ్జుతో సహా చెక్కపెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి, ఐదారు రోజులు పులియబెట్టాలి. మధ్యమధ్య కలియదిప్పాలి. లోపల వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. ఊదారంగు గింజ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ పైన తేమ ఏడు శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలి. నోవాముండి ఖనిజం కొలిమి దాటితేనే ఉక్కవుతుందని ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. కోకోకు ఆ కొలిమి ఈ చెక్కపెట్టే.

ఇక ధర. ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడ వాతావరణం, తెగుళ్లు దెబ్బతీయడంతో 2024 డిసెంబరులో టన్ను 12 వేల డాలర్లు దాటింది. ఆ ఏడాది మన రైతు కిలో వెయ్యి రూపాయల ధర కూడా చూశాడు. 2025లో అది సగానికి పడిపోయి, రైతులు రోడ్డెక్కారు. 2024 ధర చూసి నాటిన మొక్క కాసేది 2027లో. కాబట్టి లెక్క వేసేటప్పుడు పడిన ధరతోనే వేయండి. అప్పుడూ గిట్టుబాటైతేనే దిగండి.

చివరిగా ఒక్క మాట. కాయ కోసేది, పెట్టె కలియదిప్పేది, వాన వస్తే గింజలు లోపలికి చేర్చేది మనం కాదు, కౌలు రైతు. ఏటేటా మారే కౌలుదారు మూడేళ్లకు కాసే మొక్కకు నీళ్లెందుకు పోస్తాడు? కౌలు పత్రం రాసివ్వడానికి మనం జంకుతాం. అదే రైతు అప్పు కోసం కౌంటరు దగ్గరకొస్తే "కాగితం ఏదయ్యా?" అని అడిగేదీ మనమే. తోటలో కోకో వేయదలిస్తే ముందు ఆ కాగితం ఇవ్వండి. కాపు అందేదాకా గడువివ్వండి, కోకో రాబడిలో వాటా ఎంతో రాసుకోండి.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ధర అడిగే ముందు ఆయనతో కూర్చోండి. మొక్కల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

సెలవు.