రక్తం తిరిగి పారినప్పుడు గుండెకు తగిలే దెబ్బ



గుండెపోటు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి కోరిక. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి గుండె కండరానికి రక్తం అందకపోవడమే గుండెపోటు. అడ్డు తీసేస్తే సరిపోదా అని చదువుకునే రోజుల్లో మేమూ అనుకున్నాము. సంగతి అంత సులువు కాదు.

బీటలువారిన చేలోకి ఒక్కసారిగా కాలువ తెగి పడిందనుకోండి. ఏ నీటికోసం ఎదురుచూశామో ఆ నీళ్లే గట్లు కోసేస్తాయి. ఇదీ అటువంటిదే. ప్రాణవాయువు లేక సొమ్మసిల్లిన కణాల్లోకి రక్తం ఒక్కుమ్మడిగా వచ్చేసరికి హానిచేసే ఆక్సిజన్ రాడికల్స్ పుడతాయి. కణంలో కాల్షియం నిండిపోతుంది, దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల పొర తూట్లు పడుతుంది. బతకవలసిన కణాలు కొన్ని అప్పుడే పోతాయి. జెన్నింగ్స్ బృందం 1960లోనే కుక్కల గుండెల్లో దీన్ని గమనించింది.

1986లో మర్రీ, జెన్నింగ్స్, రీమర్ అనువారు ఒక వింత చూశారు. కుక్క గుండెనాళాన్ని 40 నిమిషాలు మూసేముందు, 5 నిమిషాల చొప్పున 4 సార్లు మూసి తెరిచారు. చచ్చిన కండరం నాలుగోవంతుకు తగ్గింది! కాని గుండెపోటు మనకు చెప్పి రాదు కదా. అందుచేత రోగి చేతికి బి.పి. పట్టీ కట్టి, 5 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదులుతూ 4 సార్లు చేసి చూశారు. బ్రిటన్, డెన్మార్క్, స్పెయిన్, సెర్బియాలలో 5,401 మందిపై జరిపిన ఆ పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. ఏడాది గడిచాక మరణాల్లోగాని గుండె వైఫల్యంలోగాని తేడా లేదు. సైక్లోస్పోరిన్ మందు సంగతీ 2015లో అంతే అయింది. మాకు నిరుత్సాహమే మిగిలింది.

అట్లాగని నాళం తెరిపించుకోవడమే ప్రమాదమని భయపడకండి. మూసుకునే ఉంటే పోయేది ఎన్నోరెట్లు ఎక్కువ. ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం దక్కుతుంది.

మా చాచాగారికి ఒక రాత్రి ఛాతీ బరువెక్కింది. "గ్యాసేలే" అని సోడా తాగి తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున నాళం తెరిచారు, ప్రాణం దక్కింది. కాని ఇప్పుడు మిద్దె మెట్లు ఎక్కలేరు. పక్క వీధిలోనే ఉన్నాము, ఎందుకు పిలవలేదంటే, "మీ నిద్ర చెడగొట్టడమెందుకని బేటా" అన్నారు.

ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆడవారిలో ఒక్కోసారి ఉట్టి ఆయాసం, వికారం కనిపిస్తే 108కి ఫోను చేయండి. మమ్మల్నీ లేపండి. అర్ధరాత్రి లేవడం మాకు అలవాటే.