పడదు అనే ముందు పరీక్ష



"మా వాడికి గుడ్డు పడదు." "మా పిల్లకు పాలు పడవు." కృష్ణా డెల్టాలో ఏ ఊరు వెళ్ళినా ఈ మాట వినపడుతుంది. పడదు అనడం తేలికే. నిజంగా పడదా అని తేల్చుకోవాలి కదా! ఈ రోజు దాని గురించే చెప్పుకుందాం.

పడకపోవడం రెండు రకాలు.

మొదటిది ఎలర్జీ. మనిషి ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉంటుంది. అది ఒక్కోసారి మంచి తిండిని కూడా శత్రువు అనుకుంటుంది. దాని మీద పోరాటానికి దిగుతుంది. అప్పుడు ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. పెదవులు వాస్తాయి. వాంతులు అవుతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. సాధారణంగా ఇవి తిన్న రెండు గంటల లోపే మొదలవుతాయి. కొంచెం తిన్నా రావచ్చు.

రెండోది అరగకపోవడం. పాలలో ఉండే చక్కెర కొందరికి అరగదు. కడుపు ఉబ్బుతుంది. విరేచనాలు అవుతాయి. ఇలాంటి పిల్లలు చాలామంది పెరుగు తినగలరు. కానీ పాల ఎలర్జీ ఉన్న పిల్లకు పెరుగు కూడా పెట్టకూడదు. అందుకే ఈ తేడా తెలియాలి.

ఎక్కువ ఎలర్జీలు కొద్ది రకాల తిండితోనే వస్తాయి. పాలు, గుడ్డు, చేప, రొయ్య, పీత, వేరుశనగ, జీడిపప్పు, గోధుమ, సోయా వాటిలో ముఖ్యమైనవి. పాలు, గుడ్డు ఎలర్జీ చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ పోతుంది. రొయ్యల ఎలర్జీ మాత్రం చాలామందిని వదలదు.

దురద అంతా తిండి వల్లే రాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి దురద ఉందా? రాత్రిపూట ఎక్కువవుతోందా? వేళ్ళ సందుల్లో పొక్కులున్నాయా? అయితే అది గజ్జి కావచ్చు. బెజవాడ ఎండలకు చెమటకాయలు పేలుతాయి. పాపం, నింద వంకాయ మీద పడుతుంది!

మరి ఎలా తేల్చుకోవాలి?

మొదటి పరీక్ష తల్లి చేతిలోనే ఉంది. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఏం తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది, ఎంతసేపటికి ఏమైంది రాసుకోవాలి. ఇలాగ:

"సోమవారం. మధ్యాహ్నం 1 గంట. అన్నం, రొయ్యల ఇగురు. 1 గంట 20 నిమిషాలు. పెదవి వాచింది. ఒంటి మీద దద్దుర్లు."

డాక్టరు మొదట అడిగేది ఇదే. ఈ నాలుగు ముక్కలు లేకపోతే మిగతా పరీక్షలకు అర్థం లేదు.

రెండోది చర్మ పరీక్ష. ముంజేతి మీద ఆ తిండి రసం చుక్క వేస్తారు. సూదితో పైపైన గుచ్చుతారు. 15 నిమిషాలు ఆగి, దద్దురు లేచిందా అని కొలుస్తారు. దురద మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

మూడోది రక్త పరీక్ష. ఇక్కడే జాగ్రత్త కావాలి. పక్కనే ఉన్న కర్ణాటకలో, బెంగళూరు, మైసూరు ప్రాంతాల పెద్దవాళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది. ఫలితాలు 2016లో వచ్చాయి. రక్త పరీక్షలో 100 మందిలో సుమారు 26 మందికి ఏదో ఒక తిండి మీద గుర్తు కనపడింది. కానీ ఎలర్జీ ఉన్నట్టు తేలింది 100కు ఒకరికే! అంటే కాగితం మీద గుర్తు ఉన్నంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు.

నూరు రకాల తిండికి ఒకేసారి పరీక్ష చేస్తామంటారు కొందరు. వెంట్రుక చూసి చెబుతామంటారు ఇంకొందరు. వాటికి డబ్బు తగలెయ్యకండి. అలాంటి కాగితం చూసి గుడ్డు, పాలు, పప్పు అన్నీ మానిపిస్తే ఏమవుతుంది? పిల్ల చిక్కిపోతుంది. ఎదుగుదల ఆగిపోతుంది. లేని ఎలర్జీకి ఉన్న బలం పోతుంది.

అప్పటికీ తేలకపోతే ఆసుపత్రిలో డాక్టరు ఎదుట ఆ తిండిని కొద్దికొద్దిగా పెట్టి చూస్తారు. అన్నిటిలోకి నమ్మకమైన పరీక్ష ఇదే. ఇది ఇంట్లో చెయ్యకూడదు.

ఒక తిండిని కొన్ని వారాలు ఆపి, మళ్ళీ పెట్టి చూడమని డాక్టరు చెప్పవచ్చు. అప్పుడు చెప్పినంత కాలమే ఆపాలి. తల్లిపాలు మాత్రం సొంతంగా మాన్పించవద్దు.

ఒక ప్రమాదం మరవకండి. తిన్న తర్వాత పిల్లకు ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా, సొమ్మసిల్లినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. పసరు, మంత్రం అంటూ ఆలస్యం చెయ్యవద్దు. ఆసుపత్రిలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ప్రాణం నిలబెడుతుంది.

ఎలర్జీ అని డాక్టరు తేలిస్తే ఒక చీటీ రాయండి. "మా పాపకు రొయ్యలు పెట్టవద్దు. డాక్టరు చెప్పారు." అంగన్‌వాడీ టీచరుకు ఒకటి, బడిలో వంట చేసే ఆమెకు ఒకటి ఇవ్వండి. ఎలర్జీ లేదని తేలిందా? అయితే రేపటి నుంచే ఆ గుడ్డు, ఆ పాలు పిల్లకు మళ్ళీ పెట్టండి.