వంగని వెదురు



నేను కృష్ణాతీరమున, కొల్లాపురమునకు సమీపముననున్న సోమశిల గ్రామవాసిని; వృత్తిచేత బడిపంతులను. వైద్యుడను కాను. అయినను నేడొక వ్యాధినిగూర్చి మాటలాడ సాహసించుచున్నాను. ఏలయన ఆ వ్యాధి ముప్పదియేండ్లుగా నా వీపున కాపురముండి, వెన్నునంతను ఒక్క కఱ్ఱగా చేసినది. వెనుకనుండి ఎవరైన పిలిచినచో నేను తల త్రిప్పి చూడలేను. బండి మలుపు తిరిగినట్లు దేహమంతయు తిరుగవలెను. దాని పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్ను కీళ్ళు వాచి, పూసలు క్రమముగా ఒకదానితో నొకటి అతుకుకొనిపోవు జబ్బు అని తాత్పర్యము.

1994లో నాకు ఇరువదిరెండేండ్లు. తెల్లవాఱుజామున నడుము క్రింద, పిఱుదుల లోపల నొప్పితో మెలకువ వచ్చెడిది. ప్రక్కమీదినుండి లేచుటకు గోడ పట్టుకొనవలసివచ్చెడిది. చిత్రమేమనగా, పడుకొన్నకొలది నొప్పి హెచ్చెడిది. ఏటిగట్టుదాక నడచివచ్చినచో తగ్గెడిది. బరువెత్తి నడుము పట్టినవానికి విశ్రాంతి సుఖమిచ్చును. నాకు విశ్రాంతియే శత్రువైనది. ఈ భేదమే ఈ వ్యాధికి తొలి గుర్తు. నాడు నాకు ఆ సంగతి చెప్పినవారు లేరు. ఒకరు పసరు పూసిరి; ఒకరు మర్దన చేసిరి; ఒక పెద్దమనిషి ఇది నీళ్ళ దోషమనెను.

ఆ మాట ఊరక పుట్టినది కాదు. ఫ్లోరైడు అధికముగానున్న నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి వెన్ను బిగిసిపోవుట మన తెలుగువారు ఎఱిగినదే. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఆ జబ్బును కనుగొని ప్రకటించిరి. నల్లగొండ సీమలో దానివలన వంగిపోయిన వారిని మనము చూచియే యున్నాము. కాని ఆ జబ్బు ఒకే బావినీరు త్రాగిన పలువురను పట్టును, చిన్ననాటినుండి ఆ నీరు త్రాగినవారి పండ్లపై మరకలు కట్టించును, ఎముకను చిక్కపఱచును. మా యింట నేనొక్కడనే వంగితిని. నా పండ్లపై మరకయైన లేదు. 2003లో హైదరాబాదున ఒక వైద్యుడు ఎక్సురే తీసి, తుంటి వెనుక కీళ్ళు పూడిపోవుట చూపి, వ్యాధి పేరు చెప్పువఱకు తొమ్మిదేండ్లు గడచినవి.

పూసలు అతుకుకొనుట ఎట్లో మనవి చేసెదను. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ళ యుండును. చుట్టును బలమైన కట్లు పూసలను బిగించి పట్టుకొనియుండును. ఆ కట్లు ఎముకను అంటుకొను చోట, మనలను కాపాడవలసిన దేహరక్షణశక్తియే పొరబడి వాపు పుట్టించును. ఆ వాపునకు గురియైన చోట దేహము మరమ్మతు చేయబోయి అక్కఱలేని క్రొత్త యెముకను మొలిపించును. అది వంతెనవలె ప్రక్క పూసను చేరి కలియును. ఎక్సురేలో అట్టి వెన్ను కణుపులుగల బొంగువలె కనబడును గనుక వైద్యులు దానిని వెదురు వెన్ను అందురు. 1893లో రష్యాలో బెఖ్తెరెవ్, 1897లో జర్మనీలో స్ట్రుంపెల్, 1898లో ఫ్రాన్సులో పియేర్ మారీ అను వైద్యులు ఈ వ్యాధిని వర్ణించిరి.

నా వెన్ను పూర్తిగా అతుకుకొనిన పిమ్మట నొప్పి చాలవఱకు తగ్గినది. రోగము కుదిరినదనుకొని మందులు మానితిని. వెన్ను రాయియైనది గనుక ఇక దానికి భయము లేదనియు తలచితిని. ఆ తలపే నన్ను ముంచినది.

2016లో కృష్ణా పుష్కరములు ముగిసిన కొలది దినములకు రేవుమెట్లపై పాచిమీద కాలుజాఱి కూలబడితిని. పడినది ఒక్క మెట్టే. లేచి ఇంటికి నడచిపోయితిని. మెడలో క్రొత్త నొప్పి యొకటి మిగిలినది. పట్టణమున తీసిన ఎక్సురేలో ఏమియు కనబడలేదనిరి. మర్దన చేసెదమని ఇంటివారనిరి. ఎందులకో నేను వలదంటిని. నాలుగవనాడు తరగతిలో వ్రేళ్ళు తిమ్మిరియెక్కి, సుద్దముక్క చేతినుండి జాఱిపోయినది. అప్పుడు సీ.టీ. స్కాను తీయగా, మెడ క్రిందిభాగమున ఎముక అడ్డముగ పగిలియుండెను. శస్త్రచికిత్స చేసి లోహపు కడ్డీలు బిగించిరి. చేతులు దక్కినవి.

వెదురు అను పేరు మనలను మోసపుచ్చును. వెదురు గాలికి వంగి మరల లేచును. ఈ వెన్ను వంగదు. కీళ్ళును బిళ్ళలును పంచుకొనవలసిన దెబ్బ ఒక్కచోటనే పడును. పైగా వెలుపల ఎముక పెరిగినను లోపల పూస గుల్లబాఱుచుండును. వైద్యులు ఇట్టి విఱుగుడును సుద్దముక్క విఱుగుటతో పోల్చుదురు. బడిపంతులనగు నాకు ఆ పోలిక వివరింపనక్కఱలేదు. కావున అతుకుకొనిన వెన్నుగలవాడు పడినచో, ఎంత చిన్న దెబ్బయైనను, క్రొత్త నొప్పి పుట్టినచో, స్కాను కాదనువఱకు ఎముక విఱిగినదనియే తలపవలెను. మెడను పిసుకరాదు, లాగరాదు. వంగియున్న మెడను చక్కచేయబోరాదు. తలక్రింద ఎత్తుపెట్టి, అతనికి అలవాటైన వంపుననే కదలకుండ మోసికొనిపోవలెను.

శ్రీశైలము జలాశయపు నీరు మా ఊరిని ముంచబోగా, మా సోమేశ్వరుని ప్రాచీనాలయమును విప్పి, మెట్టకు తరలించి, మరల కట్టిరి. రాతికిని రాతికిని నడుమ సందు ఉండబట్టి అది సాధ్యమైనది. పూడిపోయిన వెన్ను సందులను విప్పగల మందు నేటికిని లేదు. పూడుటను అడ్డగించుటకు మందులు చేయగలిగినది పూడకముందే.

గతయేడు నా మేనల్లుడు తెల్లవాఱుజామున గోడ పట్టుకొని లేచుట చూచితిని. వానికి ఇరువదినాలుగేండ్లు, పుట్టిపై చేపలవేటకు పోవువాడు. వల విసరిన పిదప నడుము తేలికపడునని చెప్పినాడు. నా గుండె జల్లుమన్నది. వాడు నా మెడవంక చూచి, "మామా, నేను గూడ నీ లెక్కనే అయితనా?" అని యడిగినాడు.

కావు అని ప్రమాణము చేయలేకపోయితిని. ఈ వ్యాధికిని హెచ్.ఎల్.ఏ. బీ27 అను వంశగుణమునకును సంబంధము గలదని 1973లో తెలిసినది. అది గలవారిలో పెక్కుమందికి జబ్బు రాదు. కాని రోగి రక్తబంధువులకు ఇతరులకన్న భయమెక్కువ. వానిని హైదరాబాదున నిజాం వైద్యవిజ్ఞానసంస్థలోని కీళ్ళవ్యాధుల విభాగమునకు తీసికొనిపోయితిని. ఎక్సురేలో ఇంకను కనబడని వాపు ఎం.ఆర్.ఐ.లో కనబడినది. ఇప్పుడు వాడు వాపు తగ్గించు మాత్రలు వాడుచున్నాడు. అవి చాలనిచో సూదిమందులును గలవనిరి. ఉదయమున వెన్ను సాచు వ్యాయామము, దీర్ఘశ్వాస, కొంతసేపు బోర్లపడుకొనుట, పలుచని తలగడ వానికి నియమములు. బీడీ మానినాడు, ఏలయన పొగ ఈ అతుకుడును త్వరపఱచును. కన్ను ఎఱ్ఱబాఱి నొప్పి పెట్టినచో ఆనాడే కంటివైద్యుని చూడవలెనని చెప్పిరి.

"కాకుండ చూచుకొనుటకు నీకు కాలము మిగిలియున్నది" అని వానికి చెప్పితిని. నాకు 1994లో ఆ మాట చెప్పువారు లేకపోయిరి.

శ్రోతలారా! మీ యింట నలువదియైదేండ్లలోపువారెవరైన మూడునెలలకు మించి తెల్లవాఱున నడుము బిగిసి, తిరిగినపిదప తేఱుకొనుచున్నచో, దానిని సోమరితనమనకుడు, పట్టు అనకుడు. కీళ్ళవైద్యునియొద్దకు తోడుకొనిపొండు.